పదిహేను దగ్గర పట్టుబడతారు!

ఒకటి... రెండు... ఫిజ్... నాలుగు... బజ్!

బ్రిటన్ బడుల్లో పిల్లలు ఆడుకునే ఆట ఇది. గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు అంకెలు చెబుతూ పోవాలి. మూడుతో శేషం లేకుండా పోయే సంఖ్య వస్తే దాని బదులు 'ఫిజ్' అనాలి. ఐదుతో పోతే 'బజ్'. రెండింటితోనూ పోతే 'ఫిజ్‌బజ్'. తడబడినవాళ్లు ఔట్! ఎక్కాలూ భాగహారాలూ పిల్లల నోటికి అలవాటు కావడానికి టీచర్లు ఆడించే ఆట.

2007లో ఇమ్రాన్ ఘోరీ అనే ప్రోగ్రామర్ ఈ ఆటను ఉద్యోగాల ఇంటర్వ్యూకి పనికొచ్చే ప్రశ్నగా మార్చాడు. 1 నుంచి 100 వరకు ఈ ఆటను కంప్యూటరు చేత ఆడించే ప్రోగ్రామ్ రాయాలి... అంతే. మంచి ప్రోగ్రామర్‌కి రెండు నిమిషాల పని అని ఆయన అంచనా. కంప్యూటర్ సైన్స్ పట్టా పుచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పని చేయలేకపోతున్నారని కూడా ఆయనే రాశాడు. అది చదివి ప్రపంచంలోని ప్రోగ్రామర్లంతా ఉలిక్కిపడ్డారు. కొందరు నమ్మలేదు. ఇంకొందరు 'ఇదిగో నా జవాబు' అంటూ అక్కడికక్కడే రాసి చూపించబోయారు. విచిత్రమేమిటంటే ఆ జవాబుల్లోనూ తప్పులు దొర్లాయి.

ఇందులో ఏముంది అనిపిస్తుంది. నిజంగానే పెద్ద లెక్కేమీ కాదు. మామూలుగా అందరికీ తోచే వరుస ఇదీ... సంఖ్య మూడుతో పోతుందా? పోతే 'ఫిజ్' అను. పోకపోతే ఐదుతో పోతుందేమో చూడు, పోతే 'బజ్' అను. అదీ కాకపోతే రెండింటితో పోతుందేమో చూడు. రాసినదాన్ని నడిపిస్తే 3 దగ్గర సరిగ్గా ఉంటుంది. 5 దగ్గర బాగుంటుంది. 9, 10, 12 అన్నీ సక్రమమే. 15 దగ్గర మాత్రం 'ఫిజ్‌బజ్' రావాల్సింది 'ఫిజ్' అని ఊరుకుంటుంది. ఎందుకంటే 15 మూడుతో పోతుంది కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే పని ముగిసిపోయింది. మూడో ప్రశ్న దాకా కంప్యూటరు వెళ్లనే లేదు! రెండింటితో పోతుందా అన్న ప్రశ్నను అన్నిటికన్నా ముందు అడిగితే సరిపోయేది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఈ 15నే. ఏ భాష వచ్చు, ఎన్ని సర్టిఫికెట్లున్నాయి అన్నవి దరఖాస్తులోనే ఉంటాయి. ఒక చిన్న పనిని ముక్కలుగా విడగొట్టి, ఏది ముందు ఏది వెనక అని ఆలోచించగలడా లేదా అన్నది మాత్రం కాగితం మీద రాయిస్తేనే బయటపడుతుంది.

రికార్డులో 153, రోడ్డు మీద 9

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ మొదలయ్యేది ల్యాబ్ రికార్డుతో. ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ, ప్రధాన సంఖ్యలు, పాలిండ్రోమ్, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య... ఏళ్ల తరబడి అవే ప్రోగ్రాములు. టర్బో సి నీలిరంగు తెర మీద నేర్చుకున్న అన్నయ్యలు రాసిన రికార్డే తమ్ముళ్ల చేతికొస్తుంది. దాన్ని చూసి నీటుగా ఎక్కించి, గీతలు కొట్టి, సంతకం చేయించుకుంటే సగం పని అయినట్టే. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు చీటీలో ఏ ప్రోగ్రామ్ వస్తే అది గడగడా రాసేస్తారు. మార్కులు పడతాయి. ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు. తప్పు పిల్లలది మాత్రమే అనడానికి లేదు. అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడిగే పరీక్షకు బట్టీ కన్నా దగ్గరి దారి ఏముంటుంది?

చిక్కు వచ్చేది ప్రశ్న కాస్త పక్కకి జరిగినప్పుడు. ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యకు అందరూ ఇచ్చే ఉదాహరణ 153. ఒకటి ఘనం 1, ఐదు ఘనం 125, మూడు ఘనం 27... మొత్తం 153. ఈ ప్రోగ్రామ్ నిద్రలో లేపి అడిగినా రాసే విద్యార్థిని ఇంకో ప్రశ్న అడగాలి. బండి నంబరు అంకెలు కలిపితే తొమ్మిది రావాలని మన ఇళ్లల్లో ఎంత పట్టుదలో తెలిసిందే కదా. 9999 కోసం వేలంలో లక్షలు పోసేవాళ్లూ ఉన్నారు. 0001 నుంచి 9999 వరకు ఉన్న నంబర్లలో అంకెలన్నీ కలుపుకుంటూ పోతే చివరికి 9 మిగిలేవి ఎన్ని? ఉదాహరణకు 4518. నాలుగూ ఐదూ ఒకటీ ఎనిమిదీ కలిపితే 18. ఒకటీ ఎనిమిదీ కలిపితే 9.

చాలామంది దగ్గర మౌనం! 'ఇది సిలబస్‌లో లేదు సార్' అన్న జవాబు కూడా వస్తుంది. నిజానికి ఇది 153 ప్రోగ్రామ్‌లో ఉన్నదే. సంఖ్యను పదితో భాగిస్తే వచ్చే శేషం దాని చివరి అంకె. భాగఫలం ఆ చివరి అంకె తీసేయగా మిగిలిన సంఖ్య. 153ని 10తో భాగిస్తే శేషం 3, భాగఫలం 15. మళ్లీ భాగిస్తే శేషం 5, భాగఫలం 1. అంకెల్ని ఒక్కొక్కటిగా ఊడదీసే ఈ కిటుకే రెండు చోట్లా కావాలి. ఘనం చేసి కలిపితే ఆర్మ్‌స్ట్రాంగ్, ఊరికే కలిపితే బండి నంబరు, వెనక నుంచి పేర్చితే పాలిండ్రోమ్. రికార్డులో అవి మూడు వేర్వేరు పేజీల్లో ఉంటాయి కాబట్టి మూడు వేర్వేరు పాఠాలనుకుంటారు.

ఆ ప్రోగ్రామ్ రాసి నడిపిస్తే 1111 అన్న జవాబు వస్తుంది. అక్కడితో ఆగిపోయేవాళ్లు ఒక రకం. 'ఇంత ముచ్చటైన సంఖ్య ఎందుకొచ్చింది?' అని కాసేపు తల గోక్కునేవాళ్లు ఇంకో రకం. గోక్కున్నవాళ్లకి తొమ్మిదో ఎక్కం గుర్తొస్తుంది. అంకెల మొత్తం చివరికి తొమ్మిదయ్యే సంఖ్యలంటే తొమ్మిదితో పోయేవే. 9999ని 9తో భాగిస్తే 1111. లూప్ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు!

ఇది మన కాలేజీలకే పరిమితమైన జబ్బు అనుకోనక్కర్లేదు. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ అనే అమెరికన్ ఆచార్యుడి నాయకత్వంలో వివిధ దేశాల అధ్యాపకులు కలిసి ఓ పరీక్ష పెట్టారు. నాలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు పూర్తిచేసిన 216 మంది విద్యార్థులు రాశారు. చిన్న కాలిక్యులేటర్ లాంటిది తయారుచేయాలి. 110 మార్కులకు వాళ్ల సగటు 22.89. ప్రశ్న చదివి అందులోంచి 'ఏం చేయాలి' అన్నదాన్ని విడదీసుకోవడం దగ్గరే ఎక్కువమంది ఆగిపోయారని ఆ అధ్యాపకులు తేల్చారు.

ముగ్గులో లూపులు

మరి ఆ విడదీయడం ఎక్కడ అలవాటవుతుంది? మొదట కాగితం మీద. కంప్యూటరు దగ్గర కూర్చోగానే చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి కొట్టి, నడిపి, తప్పొస్తే ఓ అంకె మార్చి, మళ్లీ నడిపి... అలా అలా జవాబు తగిలేదాకా తిరుగుతుంటారు. తగిలినా ఎందుకు తగిలిందో చెప్పలేరు.

సంక్రాంతి ముగ్గునే తీసుకోండి. 'పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క' అని పత్రికల్లో ముగ్గు కింద రాస్తారు. ముగ్గు వేసే ఇల్లాలికి ఆ ఒక్క వాక్యం చాలు. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందకీ ఒక్కో చుక్క తగ్గిస్తూ, సందుల్లో పెట్టుకుంటూ పోతుంది. అచ్చంగా ఇదే పనిని 'ప్యాటర్న్ ప్రోగ్రామ్' అన్న పేరుతో కాలేజీలో చుక్కలకు బదులు నక్షత్రాలతో చేయిస్తారు. అక్కడ పిల్లలు లూపు లోపల లూపు అనగానే బెదిరిపోతారు.

బెదరక్కర్లేదు. మొత్తం ఎన్ని వరుసలు? 8 నుంచి 15 దాకా ఎనిమిది, తర్వాత 14 నుంచి మళ్లీ 8 దాకా ఏడు... మొత్తం 15 వరుసలు. ఒక్కో వరుసలో ఎన్ని చుక్కలు? అది పైనే ఉంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక ఖాళీ వదిలితే వరుస మొదట్లో ఎన్ని ఖాళీలు వదలాలి? పదిహేను కన్నా ఎన్ని చుక్కలు తగ్గాయో అన్ని. 15 ఉన్న వరుసకి సున్నా, 14 ఉన్న వరుసకి ఒకటి, 8 ఉన్న వరుసకి ఏడు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద రాసుకున్నాక ప్రోగ్రామ్ రాయడమంటే దాన్ని ఎత్తిరాయడమే. బయటి లూపు వరుసలు లెక్కపెడుతుంది, లోపలి లూపులు ఖాళీలూ చుక్కలూ పెడతాయి. చుక్కలు మొత్తం ఎన్నో కూడా కలిపించండి. 169 రావాలి. అమ్మ వేసిన ముగ్గులో చుక్కలు లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు!

ఇలా ఒక సమస్యకు జవాబు ఇంకో దారిలో సరిచూసుకోవడమనేది ల్యాబ్‌లో ఎవరూ పెద్దగా చెప్పరు. చెప్పాల్సిన మొదటి సంగతి అదే.

మాస్టారి 6174

చిన్న అభ్యాసాల్లో రాణి లాంటి సమస్య ఒకటుంది. దాన్ని ఇచ్చింది మనవాడే. మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్.కాప్రేకర్. గణితంలో పెద్ద డిగ్రీలేమీ లేవు. పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ చదివారు. అంకెలతో ఆడుకోవడమంటే మాత్రం పిచ్చి. 1949లో ఆయన ఓ వింత బయటపెట్టారు.

నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అన్నీ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. చిన్న నుంచి పెద్దకు పేర్చండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 తీసుకుంటే 5432 లోంచి 2345 తీస్తే 3087. తర్వాత 8730 లోంచి 0378 తీస్తే 8352. ఆ తర్వాత 8532 లోంచి 2358 తీస్తే 6174. ఇక ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఉండిపోతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఎక్కువలో ఎక్కువ ఏడు అడుగుల్లో అక్కడికే చేరుతుంది. ఆరో తరగతి పిల్లలు పలక మీద చేసుకోవచ్చు. తాతయ్యలు పేపరు అంచున చేసుకోవచ్చు.

దీన్ని కంప్యూటరు చేత చేయించడం ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థికి మంచి సాము. అంకెల్ని ఊడదీయాలి (ఆ కిటుకు పైనే ఉంది), వాటిని వరుసలో పేర్చాలి, మళ్లీ సంఖ్యగా కట్టాలి, తీసివేయాలి, 6174 వచ్చేదాకా తిరగాలి, ఎన్ని అడుగులయ్యాయో లెక్కపెట్టాలి. ఆరు చిన్న పనులు. ఒక్కోదాన్నీ విడిగా రాసి, విడిగా పరీక్షించి, తర్వాత కలపాలి. అన్నీ ఒకేసారి రాసి నడిపితే ఎక్కడ తప్పుందో వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది.

3524తో బ్రహ్మాండంగా నడుస్తుంది. సంతోషపడి పుస్తకం మూసేస్తే అసలు పాఠం తప్పిపోతుంది. 2111 ఇచ్చి చూడాలి. 2111 లోంచి 1112 తీస్తే 999. ఇక్కడ బోలెడన్ని ప్రోగ్రాములు బోల్తా కొడతాయి. కంప్యూటరు దృష్టిలో 999 మూడంకెల సంఖ్య. పెద్ద నుంచి చిన్నకు పేర్చినా 999, చిన్న నుంచి పెద్దకు పేర్చినా 999. తీసేస్తే సున్నా! ఆ తర్వాత సున్నాలోంచి సున్నా తీస్తూ ప్రోగ్రామ్ తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటుంది. కాగితం మీద చేసినప్పుడు మనిషి 0999 అని రాసుకుంటాడు. 9990 లోంచి 0999 తీస్తే 8991. అక్కడి నుంచి 8082, 8532, 6174. మనిషి అనుకోకుండానే ముందు పెట్టుకున్న ఆ సున్నాను కంప్యూటరుకి చెప్పి మరీ పెట్టించాలి.

ఇలాంటి మూలనున్న విలువల్ని వెతకడమే అభ్యాసంలో సగం. సున్నా ఇస్తే ఏమవుతుంది? ఒకటి ఇస్తే? అన్నీ ఒకే అంకె అయితే? అన్నిటికన్నా పెద్దది ఇస్తే? ఏమీ ఇవ్వకపోతే? రాసినవాడే తన ప్రోగ్రామ్‌ని ఎలాగైనా పడగొట్టాలని చూడాలి. 1000 నుంచి 9999 వరకు ఒకే అంకె ఉన్న తొమ్మిదింటిని తీసేస్తే 8991 సంఖ్యలుంటాయి. వాటన్నిటినీ నడిపించి, ఏ ఒక్కటీ ఏడడుగులు దాటలేదని తేల్చుకున్నాకే కాప్రేకర్ మాస్టారికి దణ్ణం పెట్టి లేవాలి.

ఒక్కరోజు ఆగిపోయిన పాటలు

'ఇవన్నీ పిల్లల ఆటలు, కంపెనీల్లో చేసేది వేరు' అనేవాళ్లుంటారు. వాళ్లకి 2008 డిసెంబరు 31 గుర్తుచేయాలి.

మైక్రోసాఫ్ట్ 2006లో జూన్ అనే మ్యూజిక్ ప్లేయర్ తెచ్చింది. 2008 చివరిరోజున 30 గిగాబైట్ల జూన్‌లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. కొత్త సంవత్సరం పార్టీకి పాటలు పెట్టుకుందామనుకున్నవాళ్లంతా తలలు పట్టుకున్నారు. బ్యాటరీ అయిపోయేదాకా వదిలేసి జనవరి 1న మళ్లీ ఆన్ చేయమని చెప్పింది కంపెనీ.

కారణం వెతికితే దొరికింది ల్యాబ్ రికార్డులో ఉండే లీపు సంవత్సరం లెక్క! లోపలి గడియారం రోజుల్ని లెక్కపెడుతుంది. ఆ రోజుల్లోంచి ఏ సంవత్సరమో తేల్చడానికి ఓ చిన్న లూప్ ఉంది. రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతసేపు ఇలా చేయి... లీపు సంవత్సరం కాకపోతే 365 తీసేసి ఒక సంవత్సరం కలుపు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కన్నా ఎక్కువుంటేనే 366 తీసేసి ఒక సంవత్సరం కలుపు. చదవడానికి సబబుగానే ఉంది. ఇప్పుడు లీపు సంవత్సరంలో సరిగ్గా 366వ రోజు వచ్చింది. 365 కన్నా ఎక్కువే, కాబట్టి లూప్‌లోకి వెళ్లాలి. 366 కన్నా ఎక్కువ కాదు, కాబట్టి ఏమీ తీయకూడదు. ఏమీ తీయలేదు కాబట్టి ఇంకా 365 కన్నా ఎక్కువే ఉంది, మళ్లీ లూప్‌లోకి! బయటికొచ్చే దారే లేదు. 2008 లీపు సంవత్సరం. దాని 366వ రోజు డిసెంబరు 31.

కాగితం, పెన్సిలు తీసుకుని 365, 366, 367 అన్న మూడు విలువలతో ఆ లూప్‌ని చేత్తో నడిపించి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికే తప్పు. రోజులు అని ఒక గడి, సంవత్సరం అని ఒక గడి గీసుకుని, ఒక్కో అడుగుకీ గడుల్లో విలువలు మార్చుకుంటూ పోవడమే. ట్రేసింగ్ అంటారు దీన్ని. రోజుకో చిన్న లెక్కకి ఇలా గడులు నింపే అలవాటున్న విద్యార్థికి తప్పు కంటికి ముందే తగులుతుంది.

ఇంకో ముచ్చట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మధ్యకి తెరిచి, మాట ముందుంటుందా వెనకుంటుందా చూసి, సగాన్ని వదిలేస్తాం కదా. ఇలా పది సార్లు చేస్తే వెయ్యి పేజీల్లో కావాల్సిన పేజీ దొరికిపోతుంది. బైనరీ సెర్చ్ అనే ఈ పద్ధతిని జాన్ బెంట్లీ అనే అమెరికన్ నిపుణుడు 1980ల్లో ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లకిచ్చి, రెండు గంటలు గడువిచ్చి రాయమన్నాడు. నూటికి తొంభై మంది రాసినదాంట్లో తప్పులున్నాయి. ఆయన సరిచేసి చూపించిన పద్ధతిలోనూ ఓ తప్పు దాక్కుని ఉందని 2006లో ఆయన దగ్గర చదువుకున్న జాషువా బ్లాక్ బయటపెట్టాడు. జావా భాష లైబ్రరీలో అదే తప్పు తొమ్మిదేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉంది! మధ్య స్థానం కోసం మొదటి, చివరి స్థానాల్ని కలిపి రెండుతో భాగిస్తాం. ఆ రెండూ మరీ పెద్దవైతే మొత్తం 214 కోట్లు దాటి, గడిలో పట్టక, రుణ సంఖ్యగా మారిపోతుంది. కాబట్టి చిన్న సమస్యే కదా అని చిన్నచూపు చూడటానికి లేదు.

గంటకు ఒకటి చాలు

అభ్యాసం పేరుతో ఇప్పుడు ఇంకో బట్టీ మొదలైంది. లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్ లాంటి చోట్ల సమస్యలకు కొదవ లేదు. 'మావాడు ఐదొందలు పూర్తి చేశాడు' అని ఒకరు, 'మా అమ్మాయి ఏడొందలు' అని ఇంకొకరు. పది నిమిషాలు చూసి, రాకపోతే వీడియోలో జవాబు చూసి, అర్థమైందనుకుని తర్వాతిదానికి వెళ్తే అంకె పెరుగుతుంది. అది కొత్త రకం ల్యాబ్ రికార్డు, అంతకు మించి ఏమీ కాదు. ఈత వీడియోలు ఎన్ని చూసినా నీళ్లు మింగడం తప్పనట్టే ఇక్కడా కాసేపు మునగాలి.

రోజుకి ఒక గంట, ఒక సమస్య చాలు. మొదటి పావుగంట కంప్యూటరు ముట్టుకోకుండా ప్రశ్నను సొంత మాటల్లో రాసుకోవాలి. రెండు మూడు ఉదాహరణలు చేత్తో చేయాలి. తర్వాతే కోడ్. అరగంట కుస్తీ పట్టినా రాకపోతే సమస్యను చిన్నది చేసి చూడాలి. వంద సంఖ్యలకు రాకపోతే మూడింటికి, నాలుగంకెలకు రాకపోతే రెండంకెలకు. అప్పటికీ రాకపోతే మర్నాటికి వదిలేయడంలో నామోషీ ఏమీ లేదు. జవాబు చూడాల్సి వస్తే చూడొచ్చు... వారం తర్వాత అదే సమస్యను ఏమీ చూడకుండా మళ్లీ రాయాలి. డేవ్ థామస్ అనే ప్రోగ్రామర్ ఇలాంటి అభ్యాసాలకు కరాటేలోంచి మాట తీసుకుని 'కోడ్ కటా' అని పేరు పెట్టాడు. కరాటేలో ఒకే కదలికను వందలసార్లు చేయిస్తారు. చేసిన సమస్యనే మరో దారిలో చేయడం కొత్తది చేసినంత పని.

అదే థామస్, ఆండ్రూ హంట్‌తో కలిసి 1999లో రాసిన పుస్తకంలో ఒక తమాషా సలహా ఉంది. ప్రోగ్రామ్ పనిచేయకపోతే బల్ల మీద ఓ రబ్బరు బాతును పెట్టుకుని, ఒక్కో వరుసా దానికి వివరించమంటారు. చెబుతూ ఉండగానే తప్పు తట్టేస్తుంది. మన ఇళ్లల్లో బాతుతో పనిలేదు, కూరగాయలు తరిగే అమ్మమ్మ చాలు. 'ఇదెందుకురా ఇక్కడ?' అని ఆవిడ అడిగే ఒక్క ప్రశ్న బాతు అడగదు కూడా.

అన్నిటికన్నా పెద్ద సందేహం ఇప్పుడు వేరే ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఫిజ్‌బజ్, కాప్రేకర్ లాంటివన్నీ అడిగిన మరుక్షణం రాసిపెడుతోంది. 'అదే రాస్తుంటే పిల్లలు కష్టపడటం ఎందుకు?' అని తండ్రులు అడుగుతున్నారు. సహజమైన ప్రశ్నే. తుర్కియేలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో అమెరికా పరిశోధకులు చేసిన అధ్యయనం 2025లో ప్రచురితమైంది. అది గణితం మీద చేసినదే అయినా ఇక్కడికీ వర్తించేలా ఉంది. కృత్రిమ మేధను అడిగి లెక్కలు చేసుకున్న పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు దాని మొహమే చూడని పిల్లలకన్నా 17 శాతం వెనకబడ్డారు! జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన దాన్ని వాడుకున్నవాళ్లకి ఆ నష్టం దాదాపుగా లేదు. కాబట్టి దాన్ని అడగాల్సిన తీరు 'రాసిపెట్టు' అని కాదు. 'నేను రాసింది ఏ విలువకు పడిపోతుందో చెప్పకుండా, ఎటువైపు చూడాలో చెప్పు' అని. అదెలాగూ ఉద్యోగంలో కూడా పక్కనే ఉంటుంది. అది రాసిన దాంట్లో 15 తప్పిందా, 366 తప్పిందా అని పట్టుకునే మనిషి కావాలి కదా.

ఇంట్లో కంప్యూటరు లేదని ఆగిపోనక్కర్లేదు. మన దేశంలో ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌కి ఏళ్లతరబడి మొదటి మెట్టుగా నిర్వహించిన జోనల్ పరీక్ష పూర్తిగా కాగితం, పెన్నుతో రాసేదే. ఏ ప్రోగ్రామింగ్ భాషా రానక్కర్లేదు. 2004లో లిథువేనియాలో మొదలై ఎన్నో దేశాలకు పాకిన 'బెబ్రాస్' పోటీ కూడా అంతే, ఆలోచన తప్ప కోడ్ అడగదు. బెబ్రాస్ అంటే వాళ్ల భాషలో బీవర్ అనే జంతువు. కొమ్మా కొమ్మా చేర్చి ఆనకట్ట కడుతుంది. పాఠాలు కావాలనుకునేవాళ్లకు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుడిగా పనిచేసిన అనుపమ్ బసు 'సి' పాఠాలూ, చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు మాధవన్ ముకుంద్ పైథాన్ పాఠాలూ ఉచితంగా దొరుకుతాయి. పాఠం విన్నంత సేపూ వినొచ్చు, ఆపి చేసేదే లెక్కలోకొస్తుంది.

ఈ వారానికి మూడు సమస్యలు. ఒక దేశంలో 1, 3, 4 రూపాయల నాణేలే ఉన్నాయనుకోండి. అడిగిన మొత్తానికి వీలైనంత తక్కువ నాణేలతో చిల్లర ఇవ్వాలి. కిరాణా కొట్టులో చేసినట్టు పెద్దదానితో మొదలుపెట్టి ఇస్తూ పోతే 6 రూపాయల దగ్గర ఏమవుతుందో చూడండి. రెండోది, జర్మన్ గణితవేత్త లోథార్ కొలాట్జ్ పేరున్న లెక్క. సరి సంఖ్యయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో హెచ్చించి ఒకటి కలపాలి, 1 వచ్చేదాకా. 27తో మొదలుపెడితే 111 అడుగులు పడుతుంది, మధ్యలో 9232 దాకా ఎక్కుతుంది. ప్రతి సంఖ్యా చివరికి 1కి చేరుతుందా అన్నది ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు.

మూడోది 2001లో మొదలైన 'ప్రాజెక్ట్ ఆయిలర్' అనే సమస్యల మాలలో మొట్టమొదటిది. 1000 కన్నా చిన్నవైన సంఖ్యల్లో మూడుతో గానీ ఐదుతో గానీ పోయేవాటినన్నిటినీ కలపాలి. రావాల్సిన జవాబు 233168. ఎవరికైనా 266333 వచ్చిందంటే 15ను, దాని వెనకున్న 30, 45ల వరుస మొత్తాన్ని రెండేసిసార్లు కలిపేసినట్టు.